తూము మూయి, వేసి ఉంది

రోజు 203

నలభై ఒకటో ఇంటి నుంచి మళ్లీ ఫిర్యాదు. ఓలేటి నూకరత్నం గారిది. ఇది మూడోది.

ఉదయమంతా ఆఫీసు కప్పు మీద సోలార్ రేకులకు పట్టిన ఉప్పు గీకి, చేతులు కడుక్కుని వచ్చి ఫోను తీశాను.

"హైమావతేనా అమ్మాయ్?"

"నేనేనండి, చెప్పండి."

"నా పలక నాతో సరిగ్గా మాటాడట్లేదు తల్లీ. తూము మీద ఏలు పెడితే 'తూము' అంటాది, ఊరుకుంటాది. తెరిసుందో మూసుందో సెప్పదు. నొక్కాక ఏటయ్యిందో కూడా సెప్పదు. ఇనప పిడి ఉన్నప్పుడు సెయ్యేస్తే తెలిసిపోయేది."

రత్నం గారికి పుట్టుకతోనే చూపు లేదు. యాభై దాటాయి. ఒక్కతే ఉంటుంది, వలలు అల్లుతుంది. నీటివాడలో సగం పడవల మీద ఉన్నవి ఆవిడ అల్లిన వలలే. మా వాడలో ఇళ్లన్నీ నీటి మీద తేలుతాయి. ప్రతి ఇంటి అడుగునా ఒక తొట్టి, దానికొక తూము ఉంటాయి. మామూలు రోజుల్లో తూము తెరిచి ఉంటే తొట్టిలోకి నీరు వచ్చి పోతూ ఇల్లు కుదురుగా నిలబడుతుంది. పొంగు వచ్చే ముందు మూసెయ్యాలి. లేకపోతే తొట్టి నిండి ఇల్లు కుంగుతుంది. కిందటేడు దాకా తూముకి ఇనప పిడి ఉండేది. తుప్పు పడుతోందని తీసేసి ఇంటింటికీ గోడ మీద గాజుపలక పెట్టాం. తూము, పంపు, కట్టుతాళ్లు, తెరలు, అన్నీ అందులోనే. మొత్తం డెబ్బై రెండు స్విచ్‌లు. ఆ పేజీలన్నీ చేసింది నేను.

చూపు లేనివాళ్ల ఇళ్లలో పలకకి గొంతు ఉంటుంది. వేలు పెట్టిన చోట ఏముందో అది చదువుతుంది.

"నొక్కాక కాస్త ఆగి వినండి, నీళ్ల చప్పుడు తెలుస్తుంది కదా," అన్నాను.

"పొంగు రోజున ఎటు సూసినా నీళ్ల సప్పుడే కదమ్మా."

చూస్తానని ఫోను పెట్టేశాను. ఫిర్యాదు కింద ఇలా రాశాను: "లోపం లేదు. వినియోగదారుకు శిక్షణ అవసరం." మొదటి రెండింటికీ ఇదే రాశాను. ఈసారి టైపు కూడా చెయ్యలేదు, పాతది తెచ్చి అతికించాను.

రోజు 206

నిర్వహణ అధికారి బుల్లెబ్బాయి గారు పిలిచారు. ఒకే ఇంటి నుంచి మూడు ఫిర్యాదులొస్తే నెల నివేదికలో ఎర్రగీత పడుతుందట.

"ఏదో ఒకటి చేసి మూసెయ్యమ్మా, పెద్దావిడ పదే పదే అడుగుతోంది," అన్నారు.

భోజనానికి ముందు అరగంట కూర్చున్నాను. తప్పు ఎక్కడుందో వెతకాల్సిన పని లేకపోయింది. చూసేవాళ్లకి నా స్విచ్ చక్కగా కనిపిస్తుంది. వేస్తే నీలం, తీస్తే బూడిద, గుండ్రటి బొత్తం అటూ ఇటూ జరుగుతుంది. పేజీ లోపల మాత్రం అది ఒట్టి బొమ్మ. ఇది స్విచ్ అని గానీ, ఇప్పుడు వేసి ఉందని గానీ, తీసి ఉందని గానీ గొంతుకి తెలిసేలా నేను ఎక్కడా రాయలేదు. రంగు గొంతుకి కనపడదు.

ఆ రెండూ రాశాను. దాంతోపాటు, బావుంటుందని, పేరు కూడా మారేలా చేశాను. తూము తెరిచి ఉంటే, అంటే స్విచ్ వేసి ఉంటే, దాని పేరు "తూము మూయి" అని ఉంటుంది, మూసి ఉంటే "తూము తెరువు" అని. నొక్కితే ఏమవుతుందో ముందే తెలుస్తుంది కదా అనుకున్నాను.

గొంతు పెట్టి వినలేదు. ఆకలి వేస్తోంది. రాసినది సరిగ్గానే ఉందనిపించింది.

రత్నం గారికి ఫోను చేసి చెప్పాను. ఆవిడ ఎంత సంబరపడిందో రాయలేను.

"నీ పేరు నాకు బాగా తెలుసమ్మాయ్. పతి పేజీ సివర 'తయారీ కొల్లాటి హైమావతి' అని రోజూ సదువుతాది. ఈ పిల్ల ఎలా ఉంటాదో అనుకుంటా ఉంటాను."

అడుగున సన్న అక్షరాలతో పెట్టిన పేరు అది. ఇంతవరకూ ఎవరూ చూసినట్టు నాకు చెప్పలేదు.

రోజు 214

పొంగు వచ్చింది. ఈ రోజు జరిగింది జరిగినట్టు రాయాలి.

పన్నెండింటికి సైరన్ వేశాం. ఒకటిన్నరకల్లా ఆఫీసు పటం మీద ఇళ్లన్నీ ఆకుపచ్చ అయ్యాయి. నలభై ఒకటి ఒక్కటే ఎర్రగా ఉంది. అంటే తూము తెరిచి ఉంది. ఇంటి తూము ఇంటివాళ్లే తిప్పాలి, ఆఫీసు ముట్టుకోకూడదన్నది వాడ నియమం. ఫోను చేశాను.

"రత్నం గారూ, తూము మూశారా?"

"మూసే ఉందమ్మాయ్. ఇప్పుడే ఇన్నాను."

ఆవిడ గొంతులో తొందర లేదు. తూము దగ్గరి సెన్సారుకి ఉప్పు పట్టిందనుకున్నాను. ఆ వారం అలాంటివి రెండు చూశాను. సరేనని పెట్టేశాను.

రెండు గంటలకి ఇల్లు ఒక పక్కకి ఒరిగింది. పక్కింటి మైలపల్లి ఎర్రయ్య పడవేసుకుని వెళ్లాడు. నేను చెక్కల వంతెన మీద పరిగెత్తుకుంటూ వెళ్లేసరికి ఆవిడని చంకల కింద పట్టుకుని బయటికి లాగుతున్నాడు. అప్పుడే ఇల్లు ఇంకోసారి ఊగింది. ఎర్రయ్య కుడిచెయ్యి పడవ అంచుకీ ఇంటి ఇనప చట్రానికీ మధ్య నలిగిపోయింది. అతను అరవలేదు. ముందు ఆవిడని పడవలోకి తోసి, తర్వాత చెయ్యి చూసుకున్నాడు. రెండు వేళ్లు పోయాయి.

ఇల్లు మునిగిపోయింది, అల్లిన వలలతో సహా.

వంతెన మీద ఆవిడకి దుప్పటి కప్పుతుంటే వణుకుతూ ఒకటే మాట అంటోంది. "మూయి అంది. ఏసి ఉంది అంది. మూసే ఉందనుకున్నాను."

తూము మూయి, వేసి ఉంది. గొంతు అలా చదువుతుందని అక్కడ, దుప్పటి చేతిలో పట్టుకుని, మొదటిసారి ఆలోచించాను. ఆ మాట విన్న ఎవరైనా మూత వేసి ఉందనే అనుకుంటారు. నేనైనా అనుకుంటాను.

ఆవిడ భుజం చుట్టూ దుప్పటి సర్ది లేచి వచ్చేశాను.

రోజు 214, సాయంత్రం

వాడలో చూపు లేనివాళ్లు ఇంకో ముగ్గురున్నారు. వాళ్ల ఇళ్లలోనూ అదే పేజీ. ఇవాళ పక్కిళ్లవాళ్లు వచ్చి మూసిపెట్టబట్టి సరిపోయింది. నాలుగున్నరకి ఆఫీసుకి వెళ్లి పేరు మార్చేశాను. ఇప్పుడు స్విచ్ పేరు ఎప్పుడూ "తూము" అనే ఉంటుంది. "తెరిచి ఉంది" లేదా "మూసి ఉంది" అన్నది మాత్రమే మారుతుంది. గొంతు పెట్టుకుని రెండుసార్లు విన్నాను. పది నిమిషాల పని.

ముగ్గురి ప్రాణాల కోసం చేశానని నాకు నేను చెప్పుకున్నాను. అది నిజమే. చేసినట్టు ఎవరికీ చెప్పలేదు, మార్పుల పట్టీలో రాయలేదు. అదీ నిజమే.

రోజు 217

విచారణ. వాడ కమిటీ గదిలో ఇరవై మంది దాకా ఉన్నారు. అధ్యక్షురాలు పైడమ్మ గారు అడుగుతుంటే రత్నం గారు నిలబడి చెప్పింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"ఆ అమ్మాయి ఫోను కూడా సేసిందండి. నేనే మూసుందని సెప్పాను. గొంతు అలాగే అన్నాది."

బుల్లెబ్బాయి గారు రికార్డు చదివారు. ఉదయం నుంచీ తూము తెరిచే ఉంది, ఎవరూ నొక్కలేదు. పైడమ్మ గారు నా వైపు తిరిగారు.

"పలక తప్పు చెప్పిందా హైమావతీ?"

"పలకలో ఏముందో గొంతు అదే చదువుతుందండి," అన్నాను.

ఒక పలక తెప్పించి అందరి ముందూ గొంతు పెట్టారు. "తూము. స్విచ్. తెరిచి ఉంది." నొక్కారు. "తూము. స్విచ్. మూసి ఉంది." పొంగు రోజు సాయంత్రం నేను పెట్టిన మాటలు, శుభ్రంగా వినిపించాయి.

రత్నం గారు తల కొంచెం పక్కకి వంచి విన్నది. ఇంకోసారి పెట్టమంది. ఇంకోసారి పెట్టారు.

"అయితే నేనే తప్పు ఇన్నానేమోనండి," అంది మెల్లగా.

జీవితమంతా చెవుల మీద బతికిన మనిషి అందరి ముందూ నిలబడి తన చెవులు తప్పని ఒప్పుకుంది. నేను ఆవిడకి నాలుగడుగుల దూరంలో ఉన్నాను. నోరు తెరవలేదు. నా మోచేతి కింద ఉన్న బల్ల మీద ఎవరో గీసిన చేప బొమ్మ ఉంది. దాన్నే చూస్తూ కూర్చున్నాను.

ఎర్రయ్య కట్టు కట్టిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని అన్నాడు, "సూపు లేకపోతే ఒంటరిగా ఉండటం ఎందుకండి? ఇయ్యాల నా సెయ్యి పోనాది. రేపు ఇంకొకడి పేణం పోద్ది."

ఎవరూ కాదనలేదు. చూపు లేని నలుగురినీ గట్టు మీది వసతి గృహానికి పంపాలని తీర్మానం రాశారు.

రోజు 219

పడవ ఎక్కించారు. ముగ్గురు మూటలు సర్దుకున్నారు. రత్నం గారికి మూట లేదు. వలలు అల్లే చెక్కసూది ఒకటి ఆ రోజు కొంగున ఉండి మిగిలింది, అది చేతిలో పట్టుకుంది. గట్టు మీద వలలు ఎవరు అల్లించుకుంటారు? పడవలన్నీ ఇక్కడున్నాయి.

నేను కట్టుతాడు విప్పడానికి వెళ్లాను. అది నా పని కాదు. ఎందుకు వెళ్లానో తెలియదు.

"ఎవరది, హైమావతేనా?" అడుగుల చప్పుడుతో గుర్తుపట్టింది.

"అవునండి."

"నా మూలంగా నీకేమైనా మాటొచ్చిందా తల్లీ? ఆఫీసులో ఏమైనా అన్నారా?"

లేదన్నాను.

"పోన్లే. నువ్వు నేను అడిగింది సేసిపెట్టావు. నేనే ఇనుకోలేకపోయాను."

తాడు ముడి రాలేదు. ఇంకెవరో వచ్చి విప్పారు.

రోజు 221

నిన్న ఏమీ రాయలేదు. రేకులు గీకాను, పంపులు చూశాను, అడిగినవాళ్లకి జవాబులు చెప్పాను. అన్నం తింటుంటే "నేనే ఇనుకోలేకపోయాను" అన్నది వినిపిస్తుంది. కంచం పక్కకి పెట్టేస్తాను.

ఇవాళ బుల్లెబ్బాయి గారికి చెప్పేశాను. మూడు ఫిర్యాదులు, అతికించిన జవాబు, అరగంట పని, వినకపోవడం, పొంగు రోజు సాయంత్రం దొంగచాటుగా మార్చడం, విచారణలో నేనన్న మాట.

ఆయన లేచి కిటికీ మూసి వచ్చారు.

"ఇప్పుడెందుకమ్మా ఇదంతా? అయిపోయింది. ఆవిడకి అక్కడ మూడు పూటలా భోజనం పెడతారు. నువ్వు మార్చేశావు, ఇక జరగదు. నీకూ చెడ్డపేరు, నాకూ చెడ్డపేరు."

ఆయన చెడ్డ మనిషి కాదు. నాకు పని నేర్పింది ఆయనే. ఇంకో రోజైతే ఆ మాట పట్టుకుని ఇంటికి వెళ్లిపోయేదాన్ని. వెళ్లాలనే అనిపించింది కూడా.

"రేపు గట్టుకి వెళ్తున్నానండి," అన్నాను.

రోజు 222

వసతి ఒక పాత చేపల గోదాము. పొడుగాటి గది, వరసగా మంచాలు. రత్నం గారు మంచం మీద కూర్చుని ఉంది. చేతులు ఖాళీగా ఉన్నాయి. అలా ఆవిణ్ణి నేనెప్పుడూ చూడలేదు.

పాత పేజీ పలకలో తీసుకెళ్లాను. మాటలతో చెప్పడం మొదలుపెట్టాను గానీ మధ్యలో సాగలేదు. పలక ఆవిడ ఒళ్లో పెట్టి, వేలు పట్టుకుని తూము మీద పెట్టాను.

"తూము మూయి. స్విచ్. వేసి ఉంది."

ఆవిడ వేలు అక్కడే ఉంచింది. గొంతు మళ్లీ చదివింది. మూడోసారీ చదివింది.

"ఇదే," అంది. "ఆ రోజు ఇన్నది ఇదే. ఇప్పుడు తూము ఎలా ఉన్నట్టు?"

"తెరిచి ఉన్నట్టండి. నేను మార్చేశాను ఆ సాయంత్రం. విచారణలో పెట్టింది మార్చినది. నాకు తెలుసు. తెలిసీ ఊరుకున్నాను."

క్షమించమన్నాను. ఆ మాట నా నోట్లో చాలా చిన్నగా ఉంది.

రత్నం గారు పలక తీసి మంచం మీద, తనకి కాస్త దూరంగా పెట్టింది.

"ఎర్రయ్యకి సెప్పారా?" అంది.

ఇన్నాళ్లూ అమ్మాయ్, తల్లీ అని పిలిచింది. అడిగిన మనిషి మొహంలో కోపం లేదు. నన్ను దూరంగా నిలబెట్టిందని, 'సెప్పావా' అనకుండా 'సెప్పారా' అనడంతోనే తెలిసింది.

"ఇంకా లేదండి."

"ముందు అతనికి సెప్పండి. సెయ్యి అతనిది."

రోజు 223

ఎర్రయ్య పడవలో కూర్చుని ఎడమచేత్తో ముడి వెయ్యడం నేర్చుకుంటున్నాడు. నేను చెబుతున్నంతసేపూ ఆ ముడి వేస్తూ విప్పుతూ ఉన్నాడు. కొడతాడనుకున్నాను. కొడితే బాగుండుననుకున్నాను.

"పది రోజులు ఆవిణ్ణి తిట్టుకున్నానండి," అన్నాడు చివరికి. "గుడ్డిదానికి ఇల్లెందుకని అందరి ముందూ అన్నాను. మా ఇంటావిడ కూడా వద్దన్నాది, ఇన్లేదు." తాడు పక్కన పడేశాడు. "ఎల్దాం పదండి కమిటీకి. నేనూ సెప్పాల్సింది ఉంది."

రోజు 226

కమిటీ రెండోసారి కూర్చుంది. గట్టు నుంచి నలుగురినీ పిలిపించారు. నేను రాసుకొచ్చినదంతా చదివాను. రెండు పేజీలూ పక్కపక్కన పెట్టి వినిపించాను. మొదటిసారి ఆ గదిలో కూర్చున్నవాళ్లే అందరూ. పైడమ్మ గారు పాత పేజీ విని, "నేనూ మూసుందనే అనుకునేదాన్ని," అన్నారు.

తీర్మానం కొట్టేశారు. ఎర్రయ్య లేచి రత్నం గారి దగ్గరికి వెళ్లి ఏదో అన్నాడు. నాకు వినిపించలేదు. ఆవిడ అతని కట్టు తడిమి చూసింది.

తర్వాత నా సంగతి వచ్చింది. తీసెయ్యాలని ఎక్కువమంది అన్నారు. నేనూ అదే అనుకుని, ఆఫీసు తాళాలు జేబులో తెచ్చుకున్నాను. పైడమ్మ గారు రత్నం గారిని అడిగారు.

"తీసేస్తే ఇంకొకరు వత్తారు," అంది ఆవిడ. "మళ్లీ వాళ్లకి మొదట్నించీ సెప్పాలి నేను. మూడుసార్లు ఫోను సెయ్యాలి. ఈవిడకి ఇప్పుడు తెలుసు కదండీ. ఉంచండి. కానీ మేము నలుగురం ఇనకుండా ఏ పేజీ మా ఇళ్లలోకి రాకూడదు. మిగతా ఇళ్లలోకీ రాకూడదు."

అలాగే రాశారు. నా మీద దయతో అన్న మాట కాదు అది. ఉంచుకోవడం ఆవిడకి తక్కువ శ్రమ, అంతే. అలా ఉంచినందుకు ఇంకా సిగ్గేసింది. తీసేసి ఉంటే తల వంచుకుని ఎటో వెళ్లిపోయేదాన్ని.

రోజు 231 నుంచి 248 వరకు

రోజూ పొద్దున్న తొమ్మిదింటికి నలుగురూ ఆఫీసుకి వస్తారు. డెబ్బై రెండు స్విచ్‌లు ఒక్కొక్కటీ వింటారు. నేను ఒకటి చదివిస్తాను, వాళ్లు ఊరికే వదలరు. పంపు స్విచ్‌కి "నీటి యంత్ర నియంత్రణ" అని పేరు పెట్టాను నేను. "పంపు అంటే పోలేదా?" అన్నారు. పంపైంది. కట్టుతాళ్లు నాలుగింటికీ "తాడు" అనే ఉంది. ఏ మూలది ఏదో కంటికి కనిపిస్తుంది గానీ చెవికి ఎలా? నాలుగింటికీ మూలల పేర్లు పెట్టాను.

నేను ఎప్పటికీ పట్టుకోలేనిది రత్నం గారు పట్టుకుంది. తూము నొక్కగానే "మూసి ఉంది" అంటోంది.

"తూము మూసుకోడానికి ఎంతసేపు పడతాది?"

"ఇరవై సెకన్లండి."

"మరి ఇంతలోనే మూసుందని ఎలా సెప్తున్నాది? మజ్జెలో నాచు అడ్డం పడితే?"

నా స్విచ్ నొక్కిన వేలిని నమ్ముతోంది గానీ తూముని అడగడం లేదు. ఇది చూసేవాళ్ల ఇళ్లలోనూ ఇంతే. వాళ్లకీ ఇన్నాళ్లూ నీలం రంగు అబద్ధం చెబుతూనే ఉందేమో. ఇప్పుడు నొక్కితే "మూస్తోంది" అంటుంది, తూము నిజంగా మూసుకున్నాకే "మూసి ఉంది" అంటుంది. రెండు వందల ఇళ్లలోనూ మార్చాం.

పని మాటలు తప్ప ఆవిడ నాతో ఏమీ మాట్లాడదు. మీరు అనే పిలుస్తుంది. టీ ఇస్తే తీసుకుంటుంది, థాంక్సండి అంటుంది.

రోజు 260

వాడ రత్నం గారికి కొత్త ఇల్లు కట్టించి ఇచ్చింది. ఎర్రయ్య పక్కనే. పోయిన వలలకి ఎవరూ ఏమీ ఇవ్వలేరు. మళ్లీ మొదటి నుంచీ అల్లుతోంది.

రోజు 271

పొంగు. పోయినసారి కంటే పెద్దది.

ఒంటిగంటకల్లా పటమంతా ఆకుపచ్చ. నలభై ఒకటి కూడా. నేను ఫోను చెయ్యలేదు. చెయ్యాల్సిన పని లేదు. అయినా రెండింటికి ఆఫీసులో కూర్చోలేక వంతెన పట్టుకుని నడిచి వెళ్లాను. వాన పక్కవాటుగా కొడుతోంది. ఆవిడ ఇంటి ముందు తాడు పట్టుకుని నిలబడ్డాను. ఇల్లు మిగతా ఇళ్లతో పాటు లేస్తోంది, దిగుతోంది. ఎక్కడా ఒరగలేదు. లోపలి నుంచి గొంతు వినిపించింది, పంపు, స్విచ్, తీసి ఉంది అని. తర్వాత ఆవిడ దగ్గు వినిపించింది.

గంటసేపు ఉండి ఉంటాను. పొంగు నెమ్మదించింది. తలుపు తెరుచుకుంది.

"ఎవరది?" అంది రత్నం గారు, మొహం నా వైపే పెట్టి.

నా పేరు చెప్పాను.

ఆవిడ వాన వింటూ నిలబడింది. నేను ఎందుకు వచ్చానో అడగలేదు.

"పొంగు తగ్గిందండి," అంది. "తడిసిపోతారు. ఇంటికెళ్లండి."

తలుపు నెమ్మదిగా వేసుకుంది.